ఇకీటోస్‌లో ఆరు నెలలు: శాకాహారికి ఏమి దొరుకుతుంది?

పచ్చనాకు:
అందరికీ నమస్కారం. నేను వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. వచ్చే నెల నుంచి ఆరు నెలలు పెరూలోని ఇకీటోస్ దగ్గర తాటి జాతి చెట్ల మీద పని ఉంది. ఆ ఊరి గురించి నాకు దొరికిన రాతలన్నీ రెండే రకాలు. ఒకటి అనకొండ కథలు, రెండోది ఏదో తీగ కషాయం తాగి దేవుణ్ణి చూశామనే విదేశీయుల అనుభవాలు. పొద్దున్నే లేచి అక్కడి మనిషి ఏమి తింటాడో ఎవరూ రాయలేదు. నాకు కావలసింది అదే. నేను శాకాహారిని, గుడ్డు వరకు అభ్యంతరం లేదు. బియ్యం దొరుకుతుందా? చింతపండు మోసుకుని వెళ్లాలా? మా అమ్మ ఇప్పటికే ఆవకాయ, గోంగూర కలిపి ఆరు కిలోలు కట్టి పెట్టింది.

సందేహం:
అమెజాన్ అడవిలో గోంగూరతో శాకాహార దీక్ష! పోనీ, విమానాశ్రయంలో ఆ సీసాలు దాటిస్తారో లేదో ముందు కనుక్కోండి.

ఏటిగట్టు:
పచ్చనాకు గారూ, నేను ఇకీటోస్‌లో నాలుగేళ్లు ఉన్నాను. చేపల పెంపకం పని. వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందుగా, మీరు వెళ్లేది అడవిలోకి కాదు, అడవి మధ్యలో ఉన్న పెద్ద నగరానికి. నాలుగు లక్షలకు పైగా జనం, బ్యాంకులు, కళాశాలలు, చెవులు పగిలే రొద. రొద అంతా మోటోకారోలది. ముందు సగం మోటారు సైకిలు, వెనక సగం రిక్షా. బయటి ప్రపంచం నుంచి ఆ ఊరికి రోడ్డు లేదు. ఉన్న ఒకే ఒక్క పెద్ద రోడ్డు నౌటా అనే ఊరి దాకా సుమారు 100 కిలోమీటర్లు వెళ్లి, అక్కడ నది ఒడ్డున ఆగిపోతుంది. మిగిలినదంతా విమానం, లేదా పడవ. పుకాల్పా నుంచి సరుకు లాంచీలో వస్తే మూడు నాలుగు రోజులు. దానిని అక్కడ కూడా లాంచా అనే అంటారు. మన ఊయల ఒకటి కొనుక్కుని డెక్కు మీద కట్టుకోవాలి, పక్కవాడి మోకాలు మన నడుముకు తగులుతూ ఉంటుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, తిండి లెక్క అంతా ఇక్కడే తేలుతుంది. టమాటా, ఉల్లి, బంగాళాదుంప, క్యారెట్ పై నుంచి రావాలి. వాటికి విమానం ఖర్చో, పడవలో కుళ్లిపోయిన సగం బుట్ట ఖర్చో కలుస్తుంది. ఊరి చుట్టూ పండేవి మాత్రం చవక. పచ్చి అరటి గెలలు, కర్రపెండలం, చేప, పేర్లు కూడా తెలియని పండ్లు. మన వంటింటి మొహం పెట్టుకుని వెళ్తే డబ్బు అవుతుంది, వాళ్ల వంటింటి మొహం పెట్టుకుంటే కడుపు నిండుతుంది.

బియ్యానికి బెంగ వద్దు. మూడు పూటలా అన్నం తినే జనం వాళ్లు. నది దిగాక బయటపడే ఒండ్రు మేటల మీద దుక్కి లేకుండానే వరి వేస్తారు. ఇసుక పాలు ఎక్కువ ఉన్నచోట అలసందలు, పుచ్చకాయలు. మన గోదావరి లంకలు చూసినవారికి కొత్తగా అనిపించదు. తేడా ఒక్కటే. అక్కడ ఏడాదిలో నీటి మట్టం సుమారు 10 మీటర్లు పైకీ కిందికీ ఆడుతుంది. పంట ముందు కోతకు వస్తుందా, నది ముందు వస్తుందా అన్నది ప్రతి ఏటా పందెమే.

పనసాకు:
10 మీటర్లా? అంటే మూడంతస్తుల మేడ! మరి ఇళ్లు ఏమవుతాయండీ?

ఏటిగట్టు:
బెలేన్ అనే పేట ఉంది, ఊరికి ఆగ్నేయంగా ఇటాయా నది పక్కన. కింది బెలేన్‌లో కొన్ని ఇళ్లు పొడుగాటి గుంజల మీద నిలబడతాయి, కొన్ని తేలిక దుంగల తెప్పల మీద నీటితోపాటు లేస్తాయి. సెప్టెంబరులో ఆ వీధిలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడతారు, ఏప్రిల్‌లో అదే వీధిలో పడవ మీద కూరగాయలు అమ్ముతారు. 2012లో రికార్డు వరద వచ్చింది. ఆ తరువాత ప్రభుత్వం ఊరికి దూరంగా నౌటా రోడ్డు పక్కన కొత్త కాలనీ కట్టింది. చాలామంది వెళ్లడానికి ఇష్టపడలేదు. నది పక్కనే ఉంటే చేప, బేరం, పడవ అన్నీ గుమ్మంలో ఉంటాయి. ఎండిన మెట్ట మీద పెట్టిన ఇంట్లో ఏమి చేసుకుంటారు?

సరే, పచ్చనాకు గారి పళ్లెం సంగతి. పొద్దున చాపో తాగండి. పండిన అరటిపండును ఉడికించి, మెదిపి, వేడిగా గానీ చల్లగా గానీ తాగే పానీయం. పచ్చి అరటికాయను ఉడకబెట్టి పెడితే ఇంగీరి. ప్రతి ఇంట్లో అన్నం పక్కన అది ఉండాల్సిందే. ముద్దగా దంచి, కొవ్వు కలిపి ఉండ చేస్తే తకాచో. ఇది అక్కడి గొప్ప వంటకం, కానీ పంది కొవ్వు లేకుండా చెయ్యరు, పక్కన సెసీనా అనే పొగబెట్టిన పంది మాంసం ఉంటుంది. మీరు వేరే నూనెతో చేయించుకోండి. ఇంటావిడ జాలిగా చూస్తుంది, అయినా చేస్తుంది.

మధ్యాహ్నం హోటళ్లలో 'మెను' అడిగితే సూపు, అన్నం, కూర, పండ్ల రసం కలిపి ఒకే ధర. సూపులో కోడి లేదనుకోకండి. 'మాంసం లేదు' అంటే అక్కడ చాలామందికి ఎర్రటి మాంసం లేదని మాత్రమే అర్థం. సోమవారం మీ అదృష్టం. పెరూలో చాలా ఇళ్లలో ఆ రోజు పప్పు వండుతారు. వారం మొదట్లో పప్పు తింటే చేతిలో డబ్బు ఆడుతుందని నమ్మకం. మన మసూర్ పప్పే, పొట్టు తీయనిది.

పాడేరు ఘాటు:
తకాచో పక్కన పెట్టండి, సూరి గురించి చెప్పండి. అక్కడ తాటి పురుగులు కాల్చి తింటారని విన్నాను. మా వైపు ఈత చెట్ల మొదళ్లలో దొరికే బొడ్డెంగులు అటువంటివే. ఊళ్లో ఎవరైనా చెట్టు కొడితే పిల్లలం అక్కడే కాపు కాసేవాళ్లం. పట్నం నుంచి వచ్చినవాళ్లు మొహం చిట్లిస్తే నవ్వు వచ్చేది.

ఏటిగట్టు:
అవే అండి, ఆ జాతి చుట్టాలే. తాటి ముక్కు పురుగు పిల్లలు. నానయ్ నది ఒడ్డున బెయ్యావిస్టా బజారులో పుల్లకు గుచ్చి నిప్పుల మీద కాలుస్తారు. పైన కరకర, లోపల నెయ్యి. పర్యాటకులు ఫోటో కోసం ఒకటి కొరికి ఉమ్మేస్తారు, పక్కనే నిలబడిన రిక్షావాడు ఆరు తిని మూతి తుడుచుకుంటాడు. కొన్నిచోట్ల అగువాహె అనే తాటి జాతి చెట్టును కావాలనే పడగొట్టి వదిలేస్తారు. పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది, కొన్ని వారాలకు వెళ్లి ఏరుకుంటారు.

పచ్చనాకు:
అగువాహె! నేను వచ్చేది దాని కోసమే. దయచేసి ఆ పండు గురించి రాయండి. నేను పుస్తకంలో తప్ప చూడలేదు.

ఏటిగట్టు:
చూడకుండా ఉండలేరు. ప్రతి మలుపులో ఒక ఆవిడ బేసిన్‌లో నీళ్లు పోసి పండ్లు నానబెట్టుకుని కూర్చుంటుంది. కోడిగుడ్డంత కాయ, ఒంటి నిండా పాము పొలుసుల్లాంటి ఎర్ర పొలుసులు. వాటిని గోరుతో ఒలిచి, లోపలి పలుచటి పసుపు గుజ్జును పళ్లతో గీరుకుని తినాలి. ఉప్పు అద్దుకుంటారు. మొదటిసారి నాకు సబ్బు నమిలినట్టు అనిపించింది. నెల తిరిగేసరికి ఆఫీసు నుంచి వస్తూ రోజూ అరడజను తినేవాణ్ణి. చక్కెర, నీళ్లు కలిపితే అగువాహీనా, వేసవిలో మన మజ్జిగ స్థానం దానిది.

ఇబ్బంది ఎక్కడంటే, కాయ ఆడ చెట్టుకే కాస్తుంది, చెట్టేమో చాలా ఎత్తు. ఎక్కడం కష్టం కనుక నరికి గెల తీసుకునేవారు. అలా ఊరికి దగ్గరలోని చిత్తడి నేలల్లో మగ చెట్లు మాత్రమే మిగిలిన చోట్లు ఉన్నాయి. ఇప్పుడు నడుముకు పట్టీ కట్టుకుని ఎక్కి కోయడం నేర్పుతున్నారు. మన గీత కార్మికులను చూస్తే వాళ్లు ఏమనుకుంటారో అని నాకు ఎప్పుడూ అనిపించేది. మోకు, ముస్తాదు మన దగ్గర తరాల నుంచి ఉన్నాయి కదా.

కొల్లేరు కబుర్లు:
ఏటిగట్టు గారూ, చేపల పని అన్నారు, చేపల మాట ఒక్కటీ రాయలేదు. కైకలూరు వాడిని, ఆగలేను. మా చెరువుల్లో రూప్‌చంద్ వేస్తాం. దాని పుట్టిల్లు అదేనంటారు, నిజమేనా?

ఏటిగట్టు:
నూటికి నూరు పాళ్లు. రూప్‌చంద్‌ను అక్కడ పాకో అంటారు. మన దేశానికి బంగ్లాదేశ్ మీదుగా వచ్చింది. ఆంధ్రలో కట్ల, రోహుతోపాటు చెరువులో తౌడు, మేత తింటూ పెరుగుతుంది. పుట్టింట్లో దాని తిండి వేరు. వరద కాలంలో నది అడవిలోకి పాకినప్పుడు చెట్ల మధ్యన ఈదుతూ, రాలిపడే కాయలు తింటుంది. పళ్లు మనిషి పళ్లలా ఉండేది అందుకే, గింజలు పగలగొట్టడానికి. దాని అన్న గమితానా ఇంకా పెద్దది, రబ్బరు కాయల గింజలను కూడా నములుతుంది. గమితానా పక్కటెముకలు నిప్పుల మీద కాలిస్తే మేక పక్కటెముకలు పక్కకు జరగాలి.

అందుకే అక్కడ చేప ధర క్యాలెండరు చూసి చెప్పవచ్చు. నీరు నిండుగా ఉన్నప్పుడు చేపలు అడవంతా చెదిరిపోతాయి, వలకు దొరకవు, ధర కొండెక్కుతుంది. నీరు దిగి కాలువలు, మడుగులు చిన్నవైనప్పుడు అన్నీ ఒకచోట చేరతాయి. బజారులో గుట్టలు. అప్పుడు ఉప్పు పట్టించి ఎండబెట్టుకుంటారు. మంచి చేపను బిహావో అనే వెడల్పాటి ఆకులో చుట్టి కాలిస్తే పటరాష్కా.

కొల్లేరు కబుర్లు:
అయితే ఇంకొకటి. మా చెరువుల్లో దెయ్యం చేప పడింది. ఒంటి నిండా ముళ్ల కవచం, వలలు చింపుతుంది, గట్లకు బొరియలు పెడుతుంది, ఎవరూ కొనరు. గట్టు మీద పారేస్తే గంటల తరబడి చావదు. దీని ఊరు కూడా అటువైపే అన్నారు.

ఏటిగట్టు:
అటువైపే. ఆ కుటుంబం చేపలను అక్కడ కరచామా అంటారు. మీరు గట్టు మీద పారేసే దానికి బెలేన్‌లో బేరాలు ఆడతారు. పెంకుతో సహా నీళ్లలో వేసి, అడవి కొత్తిమీర వేసి పులుసులా కాస్తారు. పొద్దున్నే, ముఖ్యంగా రాత్రి మందు ఎక్కువైనవాళ్లు తాగుతారు. కవచం విప్పితే లోపల తెల్లటి మాంసం కొంచెమే ఉంటుంది, కానీ రుచి ఉంది. మీ చెరువు నీళ్లలో పెరిగినదాన్ని నేను తినమనను. నీరు మంచిదై ఉండాలి.

కొల్లేరు కబుర్లు:
మా ఆవిడకు చూపించాను. 'ముందు మీరు తినండి, సాయంత్రం దాకా చూస్తాను' అంది.

సందేహం:
నాకు తెలిసి బెలేన్ బజారులో తాబేలు గుడ్లు, అడవి పంది, మొసలి, ఇంకా ఏవేవో అమ్ముతారు. అవన్నీ మర్యాదగా దాటేసి అరటికాయ గురించి పాఠం చెబుతున్నారు.

ఏటిగట్టు:
దాటేయలేదు, వంతు రాలేదు. లోతట్టు ఊళ్లలో వేట తిండి కోసమే, అది చట్టంలోనూ ఉంది. నగరంలో అడవి మాంసం అమ్మకం మాత్రం నిషేధం, అయినా అమ్ముతారు. నేను కొనలేదు, కొన్నవాళ్లను తిట్టనూ లేదు. తరికాయా అనే తాబేలు కథ కాస్త నయం. పకాయా-సమీరియా అభయారణ్యంలో, 20 లక్షల హెక్టార్లు దాటిన అడవి అది, గ్రామాలవాళ్లే గుడ్లను ఏరి ఇసుక పాదుల్లో పొదిగిస్తారు. పిల్లలను నదిలో వదులుతారు, వాటాగా కొన్ని గుడ్లు అనుమతితో అమ్ముకుంటారు. అడవిని కాపాడమని పైనుంచి చెప్పడం కన్నా ఇదే పనిచేస్తుందని నా అభిప్రాయం. వాదన పెట్టుకోవాలంటే వేరే చర్చ తెరవండి, ఇక్కడ ఆ అమ్మాయి బియ్యం గురించి అడిగింది.

మనౌస్ మజిలీ:
కిందికి, బ్రెజిల్ వైపు నుంచి ఒక మాట. నది ఒకటే, పేర్లు వేరు. మీ గమితానా మాకు తంబకీ, మీరు పైచె అనే పెద్ద చేప మాకు పిరరుకూ. ఇక్కడ కర్రపెండలం రాజు కాదు, చక్రవర్తి. వేయించిన రవ్వను ఫరీన్యా అంటారు, అన్నం మీద, చేప మీద, పులుసు మీద, అన్నింటి మీదా చల్లుకుంటారు. నములుతుంటే రాళ్లు నమిలినట్టే. నా పన్ను ఒకటి దానికే సమర్పించాను. పొద్దున పూట దాని పిండితో తెల్లటి దోసె, లోపల జున్ను. శాకాహారికి ఇంతకన్నా ఏమి కావాలి? లేదంటే రొట్టెలో తుకుమా పండు ముక్కలు, జున్ను, వేయించిన అరటి పెట్టి అమ్ముతారు. మనౌస్‌లో అది లేకుండా తెల్లవారదు.

చేదు రకం పెండలంలో సైనైడు విషం ఉంటుంది, జాగ్రత్త. తురిమి, పిండి, రసాన్ని చాలాసేపు మరిగించాకే వాడతారు. ఆ పసుపు రసమే తుకుపీ. సాయంత్రం వీధుల్లో సొరకాయ బుర్రలాంటి చెట్టుకాయ చిప్పలో అమ్మే తకకా అనే వేడి పులుసు అందులోనే చేస్తారు. జంబూ ఆకు వేస్తారు, నాలుక తిమ్మిరెక్కుతుంది. ఎండు రొయ్యలు కూడా వేస్తారు కనుక పచ్చనాకు గారికి పనికిరాదు.

పనసాకు:
కర్రపెండలం మాకు తెలియనిదా! పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం చేసేది దాంతోనే. పండగలకు పాయసం వండుతూ ఆ దుంప అమెజాన్ అడవి నుంచి సముద్రాలు దాటి వచ్చిందని ఎవరికి గుర్తుంటుంది? అన్నట్టు, ఆకులో చుట్టి వండేవి ఇంకేమైనా ఉన్నాయా? మేము పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు వండుకుంటాం. ఆకు వాసన లేని వంట వంటేనా?

ఏటిగట్టు:
ఉందమ్మా, దాని కోసమే ఊరంతా ఏడాది పొడుగునా ఎదురుచూస్తుంది. హువానే. జూన్ 24న సెయింట్ జాన్, అంటే బాప్తిస్మమిచ్చిన యోహాను పండగ. ముందు రోజు బిహావో ఆకుల కట్టలు బజారుకు వస్తాయి. అరటాకు కన్నా గట్టి ఆకు, దానికో పచ్చి సువాసన. మంట మీద ఆడించి మెత్తబరుస్తారు, అచ్చం మనం అరటాకును వేడి చేసినట్టే. సగం ఉడికిన అన్నంలో పసుపు, వెల్లుల్లి, గిలకొట్టిన గుడ్లు కలిపి, మధ్యలో కోడి ముక్క, ఉడికిన గుడ్డు, ఒక ఆలివ్ కాయ పెట్టి, మూటగా కట్టి, నీళ్లలో గంటసేపు ఉడికిస్తారు. పసుపును అక్కడ గిసడోర్ అంటారు, తాజా కొమ్ములు దొరుకుతాయి. ఆ మూటలు తీసుకుని జనమంతా నదికి స్నానాలకు పోతారు. మూట గుండ్రంగా ఉంటుంది. అది తెగిన యోహాను తలకు గుర్తు అని చెబుతారు. వింటూ తినాలంటే మొదట కొంచెం కష్టం.

ఆ రోజుల్లోనే దక్షిణం నుంచి చలిగాలి వస్తుంది. మనకు అది చలే కాదు, వాళ్లు మాత్రం ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుంటారు.

పచ్చనాకు:
కోడి ముక్క లేకుండా కడతారా? ఇంకో సందేహం, సిగ్గుపడుతూనే అడుగుతున్నాను. ఊళ్లలోకి వెళ్తే మసాతో ఇస్తారట, నమిలి ఉమ్మిన పెండలంతో చేసిన కల్లు. వద్దంటే తప్పా?

ఏటిగట్టు:
కడతారు, ముందు చెప్పాలి. మీ మూటకు వేరే రంగు దారం కట్టమనండి, లేకపోతే ఉడికాక అన్నీ ఒకటే.

మసాతో సంగతి. నమలడం నిజమే, ఉమ్మిలో ఉన్న రసాయనం పిండిని తీపిగా మారుస్తుంది, అది పులుస్తుంది. చాలా ఇళ్లలో ఇప్పుడు నమలడానికి బదులు పచ్చి చిలగడదుంప తురుము, చక్కెర వేస్తున్నారు. గిన్నె అందుకోకపోవడం మనింటికి వచ్చి మంచినీళ్లు వద్దన్నట్టు. అందుకుని, పెదవులకు తాకించి, నవ్వి, పక్కవారికి ఇవ్వండి. ఎవరూ కొలవరు. అసలు తాగే నీళ్ల విషయంలో మాత్రం మొహమాటం వద్దు, కాచినవో, సీసావో. పసుపు జ్వరం టీకా వెళ్లడానికి పది రోజుల ముందే వేయించుకోండి, దోమతెర కొనండి.

పనసాకు:
పులుపు ఏమి వాడాలి? చింతపండు కట్టాలా వద్దా, వాళ్ల అమ్మగారి తరఫున అడుగుతున్నాను.

ఏటిగట్టు:
వద్దు. కొకోనా ఉంది. వంకాయ జాతిది, చూడటానికి పసుపు టమాటా, రుచి టమాటాకూ నిమ్మకూ మధ్యన. అక్కడివాళ్లు దాన్ని తరిగి, ఉల్లి, ఉప్పు, చరపీటా మిరపకాయ వేసి నంజుకుంటారు. చరపీటా అంటే పసుపు రంగులో శనగగింజంత ఉంటుంది. రెండు వేస్తే వాసన, ఐదు వేస్తే పశ్చాత్తాపం. నేను కొకోనాతో పప్పు చేసేవాణ్ణి. పొట్టుతో ఉన్న మసూర్ పప్పు ఒక గ్లాసు, బాగా పండిన కొకోనాలు మూడు, తోలు తీసి నాలుగు ముక్కలు. పప్పు సగం ఉడికాక వేయాలి, ముందే వేస్తే పప్పు బిరుసుగా ఉండిపోతుంది. తాజా పసుపు కొమ్ము తురుము, ఒకే ఒక్క చరపీటా చితక్కుండా. ఆవాలు, ఇంగువ, ఎండు కరివేపాకు మాత్రం ఇంటి నుంచి తీసుకుని వెళ్లండి, అక్కడ దొరకవు. ఇంటావిడ మొదటిరోజు అనుమానంగా చూసింది, మూడో వారం నుంచి సోమవారాలు నన్నే వండమంది.

సందేహం:
శాకాహార దీక్షను వెక్కిరించిన మాట వెనక్కు తీసుకుంటున్నాను. ఆ చరపీటా గింజలు ఎవరైనా తెచ్చిపెడతారా?

ఏటిగట్టు:
గింజలు తేవడానికి అనుమతి పత్రాలు కావాలి. దెయ్యం చేప కథ ఇప్పుడే విన్నారు కదా.

పచ్చనాకు:
ఏడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. ఊళ్లో ఉన్నప్పుడు నెట్ ఉంటుంది, చిత్తడిలో ఉన్నప్పుడు ఉండదు.

అగువాహె మొదటిసారి సబ్బే. ఇప్పుడు రోజుకు నాలుగు. ఉడికించిన పిహువాయో పండు ఉప్పుతో తింటుంటే మా నాన్నమ్మ కాల్చి ఇచ్చే తేగలు గుర్తొచ్చాయి, ఎందుకో తెలియదు, రుచి ఒకటి కాదు. నన్ను చిత్తడికి తీసుకెళ్లే పెకె పెకె పడవ పెద్దాయనకు మన కల్లుగీత వీడియో చూపించాను. మోకు ముడి దగ్గర ఆపించి మూడుసార్లు చూశాడు. 'ఇతను చేతులు వదిలేశాడే' అన్నాడు.

మా ఇంటావిడకు ఆవకాయ రుచి చూపించాను. అహీ, అంటే మిరపకాయ, అని అరిచి, నీళ్లు తాగి, మళ్లీ వేలు పెట్టింది. ఆరు కిలోల్లో సగమే తెచ్చుకోగలిగాను, అందులో సగం ఆవిడ ఖాతాలో వేశాను.

ఏటిగట్టు గారూ, నీరు దిగుతోంది. నిన్న మా వీధి చివర మెట్లు పదకొండు కనిపించాయి, వచ్చినప్పుడు నాలుగే. ఇవాళ సోమవారం. పప్పు పొయ్యి మీద ఉంది, కొకోనాలు తోలు తీయడం నా వంతు. సగం ఉడికాక పిలుస్తానంది.